జర్మను రూపాయి: వెల యెంత? విలువ యెంత?

పాత పెట్టెలు మన ఇండ్లలో తరచుగా తెరుచుకోవు. పెండ్లికో, పంపకాలకో, పెద్దలు గతించిన పిమ్మట ఇల్లు సర్దవలసి వచ్చినప్పుడో తెరుచుకుంటవి. అప్పుడు పట్టుచీర మడతలో, దస్తావేజుల సంచి అడుగున, పూజగదిలోని కుంకుమ భరిణెలో నాలుగు పాత నాణేలు బయటపడతవి. మనకు పరిచయమైన విక్టోరియా రాణి, అయిదవ జార్జి బొమ్మల నడుమ అప్పుడప్పుడు శిరస్త్రాణం ధరించిన మీసాల దొర బొమ్మయో, రెక్కలు విప్పిన గద్ద బొమ్మయో ఉన్న నాణెం ఒకటి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న అక్షరాలు ఇంగ్లీషువలెనే ఉంటవి, మాటలు మాత్రం ఇంగ్లీషువి కావు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడెవరో అది జర్మనీ నాణెమని తేలుస్తాడు. తక్షణమే ఇంటిల్లిపాది నోట వెలువడే ప్రశ్న ఒక్కటే: "దీనికెంత వస్తుంది?"

ఆ ప్రశ్న తప్పని నేననను. అక్కర గలవాడు వస్తువు వెల అడగటం సహజం. అది మొదటి ప్రశ్న కావటమే తప్పు. నాణెం చేతికి రాగానే అడగవలసిన మొదటి ప్రశ్న "దీనిమీద ఏమి వ్రాసి ఉన్నది?" అని. రెండవది "ఇది మన యింటికి ఎట్లు వచ్చినది?" అని. ఈ రెండింటికీ సమాధానం వెదకిన తర్వాతనే మూడవ ప్రశ్నకు, అనగా ఎంత వస్తుందన్న దానికి, నమ్మదగిన జవాబు దొరుకుతుంది. ఈ వరుస తలక్రిందులైన చోట బీదవాడు మోసపోతున్నాడు, ఇంటి చరిత్ర కంసాలి మూసలో కరిగిపోతున్నది. చదువక వెల కట్టరాదన్నదే నేను చెప్పదలచిన మాట.

తెలుగు పాఠాలు చెప్పేవానికి నాణేలతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. పని చాలా ఉన్నది. మన భాషలో ధనానికి ఉన్న పేర్లలో ఎన్నో నాణేల పేర్లే. "డబ్బు" అన్నది ఒకప్పుడు ఒకానొక రాగి నాణెం పేరు. నేడది సమస్త ధనానికీ పేరైనది. "వరహా" అన్న పేరు నాణెం మీది వరాహమూర్తి నుండి వచ్చినది. కాసు, రూక, మాడ, పణము, కానీ, బేడ, పావలా - ఇవన్నీ అంగడిలో చెల్లుబాటు కోల్పోయి భాషలో చెల్లుబాటు నిలుపుకొన్నవి. దమ్మిడీని కంట చూడని పిల్లలు సైతం దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదంటారు. అణా ఎట్లుండునో ఎరుగనివారు కూడా పదహారణాల తెలుగుదనమంటే లోటులేని తెలుగుదనమని గ్రహిస్తారు. శ్రీనాథుని కనకాభిషేకాన్ని గురించి పాఠం చెప్పేటప్పుడు దీనారమన్న మాట వస్తుంది. అది రోమకుల "దెనారియుస్" సముద్రం దాటి మన దేశభాషలలో స్థిరపడిన రూపం. నాణెమంటే అరచేతిలో ఇమిడే శాసనం. శాసనాన్ని చదివే శ్రద్ధతోనే దానినీ చదవాలి.

ఇక జర్మనీ నాణెం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఇండ్లకు ఎట్లు వచ్చి ఉండును? జర్మనులతో మనకు సంబంధం నేటిది కాదు. మద్రాసులో మతప్రచారం చేసిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మను పాదిరి 1728లోనే తెలుగుకు వ్యాకరణం వ్రాసినాడు. ఆయన స్వదేశానికి మరలిన తరువాత 1746, 47 సంవత్సరాలలో హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చయినవి. తెలుగు అచ్చు చరిత్ర జర్మనీ గడ్డ మీద మొదలైనదంటే మన విద్యార్థులకు ఆశ్చర్యం కలుగుతుంది. మదనపల్లె కూడా లోకానికి తలుపులు మూసుకున్న ఊరు కాదు. 1915లో ఇక్కడ దివ్యజ్ఞానసమాజం వారి కాలేజీ వెలసింది. క్షయరోగులకు ఆరోగ్యవరం వెలసిందీ ఆ సంవత్సరంలోనే. డేనిష్ వైద్యుడు ఫ్రిమోడ్ట్ మోలర్ దానిని తీర్చిదిద్దినాడు. 1919లో రవీంద్రుడు ఇక్కడ బస చేసి "జనగణమన"ను ఇంగ్లీషులోకి అనువదించినాడు. దేశదేశాలవారు వచ్చిపోయిన చోట దేశదేశాల నాణేలు కొన్ని జారిపడటంలో వింత లేదు.

కాని అన్నిటికంటే ఆలోచింపదగిన త్రోవ యుద్ధపు త్రోవ. 1914 సెప్టెంబరు 22 రాత్రి "ఎమ్డెన్" అనే జర్మను నౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించిన సంగతి పెద్దలు కథగా చెప్పుకొన్నదే. అది జరిగిన నలభై రోజులకు, నవంబరు ఆరంభంలో, మన సిపాయిలు సముద్రానికి ఆవలి ఒడ్డున జర్మనులను ఎదుర్కొన్నారు. నేటి టాంజానియా, రువాండా, బురుండి దేశాలు అప్పుడు జర్మను తూర్పు ఆఫ్రికా. అక్కడి టాంగా రేవు మీద దిగిన భారతీయ సేనలో మద్రాసు సైన్యానికి చెందిన 61వ పయనీర్ల దళం, 63వ పాళయంకోట దళం ఉన్నవి. ఆ పోరులో మనవారికి పరాజయమే కలిగినది. అయినా ఆ రంగంలో యుద్ధం 1918 దాకా సాగినది. అక్కడ పనిచేసి తిరిగివచ్చిన సిపాయి సంచిలో అక్కడి రూపాయి ఒకటి మిగిలిపోవటం సహజమే గదా!

రూపాయి అన్నాను, పొరపాటున అనలేదు. జర్మను తూర్పు ఆఫ్రికా నాణెం పేరు "రూపియె". ఆ తీరాన హిందూదేశపు వర్తకులు తరతరాలుగా వ్యాపారం చేసి మన రూపాయిని అక్కడ పాదుకొల్పి ఉన్నారు. జర్మనులు వచ్చి తమ మార్కును ప్రవేశపెట్టక, జనం నమ్మిన రూపాయినే అనుకరింపవలసి వచ్చినది. 1890 నుండి వారు ముద్రించిన రూపియె మన రూపాయికి తూకంలో, వెండి పాలులో సరిజోడు: 11.66 గ్రాములు, అనగా సరిగా ఒక తులం. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. దానికి 64 పెసాలు. మన రూపాయికి 64 కానీలు ఉన్నట్లే. ఒకవైపు గద్ద శిరస్త్రాణం ధరించిన కైజరు రెండవ విల్హెల్ము. చుట్టూ ఆయన పేరు లాటిన్ రూపంలో, "గుయిలెల్ముస్" అని. వెనుకవైపు సింహం, తాటిచెట్టు. దానిచుట్టూ తూర్పు ఆఫ్రికా కంపెనీ పేరు జర్మను భాషలో. రాగి పెసా మీద అరబ్బీ అక్షరాలు, హిజరీ సంవత్సరం 1307. ఇన్ని భాషలు, ఇన్ని లెక్కలు ఒక్క కుటుంబపు నాణేలలో ఇమిడినవంటే, దానిని చదవకుండా తూచేవాడు ఎంత పోగొట్టుకుంటున్నాడో చూడండి.

చదవటమంటే అక్షరాలు కూడబలుక్కోవటం కాదు, సందర్భాన్ని పట్టుకోవటం. 1307 అని చూచి కాకతీయుల కాలపు నాణెమని మురిసేవాడు చదివినవాడు కాడు. మదనపల్లెకు దగ్గరనున్న గుర్రంకొండనే తీసుకుందాం. టిప్పు సుల్తాను దానికి జాఫరాబాదని పేరుపెట్టి అక్కడ టంకశాల నడిపినాడు. ఆయన రాగి కాసుల మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. సంవత్సరం ఆయన తానై ప్రవేశపెట్టిన మౌలూదీ శకంలో ఉంటుంది. ఆ శకపు 1226 మన లెక్కకు పద్దెనిమిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలకు వస్తుంది. అంకె చూచి అయిదువందల ఏండ్లు పెంచి చెప్పేవాడు అమాయకుడైనా కావచ్చు, అమ్మకందారైనా కావచ్చు.

ఇంతకంటే చిత్రమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. జర్మను భాష మాట్లాడే ఆస్ట్రియాకు చెందిన మరియా తెరేసా మహారాణి వెండి నాణెం "తాలెర్" అని పేరుగాంచినది. అరేబియా, ఇథియోపియా దేశాల జనం దానిని తప్ప వేరొక నాణేన్ని నమ్మేవారు కారు. అందుచేత ఆమె 1780లో మరణించిన తరువాత కూడా అదే బొమ్మతో, 1780 అన్న అదే సంవత్సరంతో, తరతరాలుగా దానిని ముద్రిస్తూ వచ్చినారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1940, 41 సంవత్సరాలలో మన బొంబాయి టంకశాల కూడా వాటిని ముద్రించినది. నాణెం మీద ఉన్నది 1780; పుట్టినది 1940; జన్మస్థానం బొంబాయి! తేదీని నమ్మి వెల కట్టినవాని గతి ఏమిటి? తాళపత్ర గ్రంథం మీద కవి కాలం వేరు, వ్రాయసకాని కాలం వేరు అని సాహిత్య విద్యార్థికి చెబుతాము. ఆ వివేకమే ఇక్కడా కావాలి.

చదవటం ముగిసిన తర్వాత తూచటం. నాణెపు వెలలో మొదటి మెట్టు లోహం. లోహాన్ని గురించి మన ఇండ్లలో ఒక భ్రమ ఉన్నది. "జర్మను వెండి" పళ్ళేలు, చెంబులు వాడినవారమగుటచేత, జర్మను నాణెమంటే అదే లోహమని కొందరు తేలికగా తీసివేస్తారు. జర్మను వెండిలో వెండి అణుమాత్రం లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగాల మిశ్రమం. జర్మను రూపియెలోనో, అసలైన వెండి 10 గ్రాములకు మించి ఉన్నది. 1873 నుండి 1916 దాకా వెలువడిన జర్మను సామ్రాజ్యపు ఒక మార్కు నాణెం తూకం 5.55 గ్రాములు, అందులో నూటికి 90 పాళ్ళు వెండి, అనగా సరిగా 5 గ్రాముల శుద్ధమైన వెండి. 20 మార్కుల బంగారు కాసు తూకం 7.96 గ్రాములు, అదీ నూటికి 90 పాళ్ళు. ఇంగ్లీషు సవరనుకు దాదాపు సమానమైన ఈ కాసును చూడగానే సవరనుగా పొరబడటానికి అవకాశమున్నది. సవరను 22 కారెట్లు, ఇది అంతకు కొంచెం తక్కువ.

లోహపు వెలను తెలుసుకోవటానికి పండితుడు అక్కరలేదు. మిల్లీగ్రాముల దాకా తూచే త్రాసు, ఆనాటి వెండి బంగారాల ధర, ఒక గుణకారం చాలును. ఆ లెక్క వచ్చిన బాలుడు తాత నాణేన్ని ఆ మొత్తానికి తక్కువగా ఎవరికీ అమ్మనీయడు. దానిని అడుగు మెట్టుగా పెట్టుకోవాలి. అదే శిఖరమని అనుకోరాదు.

నాణెం మీది అంకె మాత్రం మెట్టే కాదు. ఈ సంగతిని జర్మనీ చరిత్ర నేర్పినంత కఠినంగా మరే దేశమూ నేర్పలేదు. మొదటి యుద్ధం తరువాత అక్కడ ద్రవ్యం విలువ కుప్పకూలినది. 1923లో అల్యూమినియంతో 200 మార్కుల, 500 మార్కుల నాణేలు ముద్రించినారు. ఆ యేడు నవంబరు నాటికి ఒక అమెరికా డాలరు నాలుగు లక్షల కోట్ల మార్కులను మించినది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త రెంటెను మార్కు ఇచ్చి ఆ ప్రళయాన్ని ఆపవలసి వచ్చినది. అంతకు ముందే, 1920, 21లలో, శాక్సనీ ప్రాంతంలో లోహం చాలక మైసెన్ పింగాణీతో నాణేలు చేసినారు. కనుక తాత పెట్టెలో 500 మార్కుల అల్యూమినియం బిళ్ళ దొరికితే ధనవంతులమైనామని పొంగనక్కరలేదు; విసిరివేయనూ అక్కరలేదు. ఒక దేశపు మధ్యతరగతి తన జీవితకాలపు పొదుపును కోల్పోయిన సాక్ష్యం ఆ బిళ్ళ.

ఇటీవలి కాలపు నాణేల సంగతి వేరు. 1948 నుండి 2001 దాకా పశ్చిమ జర్మనీలోనూ, ఏకమైన జర్మనీలోనూ చెల్లిన డాయిష్ మార్కులు మన ఇండ్లలో ఉండటానికి కారణాలు చాలా ఉన్నవి. పశ్చిమ జర్మనీ సహాయంతో 1959లో మద్రాసు ఐ.ఐ.టి. ఏర్పడినది; ఆ దేశానికి చదువుకు, శిక్షణకు వెళ్ళివచ్చినవారు చిల్లర తెచ్చుకున్నారు. ఆ చిల్లర వట్టిది కాదు. జర్మనీ కేంద్ర బ్యాంకు డాయిష్ మార్కులను నేటికీ గడువు లేకుండా ఒక యూరోకు 1.95583 మార్కుల చొప్పున మార్చి ఇస్తున్నది. 1948కి పూర్వపు రైక్సు మార్కులకు, తూర్పు జర్మనీ అల్యూమినియం నాణేలకు ఈ సౌకర్యం లేదు. మూడూ చూపులకు జర్మను నాణేలే. మూడింటి గతులు మూడు విధాలు. మీద వ్రాసిన మాట చదివినవానికే ఆ భేదం తెలుస్తుంది.

ఒక్క మాట తేడాతో వెల మారిన నాణెం కూడా ఉన్నది. ఓక మొక్క నాటుతున్న స్త్రీ బొమ్మగల 50 ఫెన్నిగుల నాణేన్ని జర్మనీలో కోట్ల సంఖ్యలో ముద్రించినారు. దానికి సేకర్తలు చిల్లర కంటే ఎక్కువ ఇవ్వరు. కాని 1950వ సంవత్సరంలో కార్ల్‌స్రూహె టంకశాలలో, "జి" అన్న గుర్తుతో, సుమారు 30,000 నాణేల మీద గణరాజ్యం పేరుకు బదులు పాత బ్యాంకు పేరే పడినది. ఆ పాఠాంతరం కోసం సేకర్తలు వెదకుతారు. లక్షణగ్రంథాలలో ఒక్క అక్షరం కోసం పరిష్కర్తలు ప్రతులు తిరగవేయటం చూచి నవ్వేవారున్నారు. ఇక్కడ ఒక్క పదం నాణెపు జాతకాన్నే మార్చివేసినది.

ఇది రెండవ మెట్టు, అంగడి వెల. అది రెండింటిపై ఆధారపడుతుంది: అరుదుతనం, కోరేవారి సంఖ్య. మన పుంగనూరు ఆవు దీనికి చక్కని దృష్టాంతం. ఆ చిన్న ఆవు ఈ సీమ ఇండ్ల ముందర విరివిగా తిరిగిన కాలంలో దానికి పెద్ద వెల లేదు. సంతతి క్షీణించి, కోరేవారు పెరిగిన తరువాత దాని వెల చుక్కలనంటినది. ఆవు మారలేదు, చుట్టూ ఉన్న లోకం మారినది. నాణెమూ అంతే. పాతదైనంత మాత్రాన అరుదు కాదు. కోట్ల కొలదిగా ముద్రించిన నూరేండ్ల నాటి నాణెం కంటే, వేలలో ముద్రించిన నిన్నటి నాణెం అరుదు. యుద్ధకాలంలో సముద్రమార్గం తెగిపోయిన జర్మనులు 1916లో ఆఫ్రికా నడిమిని టబోరా పట్టణపు రైలు కర్మాగారంలో ముద్రించిన 15 రూపియెల బంగారు కాసు అటువంటిది. దాని మీదా ఏనుగు బొమ్మే. మొత్తం పదహారు వేల చిల్లర మాత్రమే వెలువడినవి. అటువంటిది మన పెట్టెలో ఉండే అవకాశం బహుస్వల్పం. ఉన్నదని ఎవరైనా చెబితే ముందుగా నకిలీ అని అనుమానించటమే వివేకం.

మూడవ సంగతి నాణెపు స్థితి. ఇక్కడ మన ఆచారమే మనకు శత్రువగుచున్నది. దీపావళికో, వరలక్ష్మీవ్రతానికో లక్ష్మీదేవి ముందుంచదలచి పాత నాణేలను చింతపండుతో, ముగ్గుపిండితో తళతళలాడేట్లు తోముతాము. చింతపండు పులుసు లోహాన్ని తింటుంది; పిండి గీతలు పెడుతుంది. వెండి మీద కాలం వేసిన నల్లని పొర మురికి కాదు. అది నాణెపు చర్మం. తోమిన నాణెం ఇల్లాలికి ముద్దు, సేకర్తకు ఏవగింపు. చెవి తగిలించి కాసులపేరులో గుచ్చిన కాసుకు కూడా లోహపు వెల తప్ప అంగడి వెల దాదాపు ఉండదు. కాసులపేరు చేయించుకున్నవారు తప్పు చేసినారని కాదు. అవి వారి మెడలో ఒక తరం వెలిగినవి, అదొక సార్థక్యం. కాని భరిణెలో మిగిలిన నాణేన్ని ఇకమీదట తోమరాదు. అంచులు పట్టుకొని ఎత్తాలి; పొడిగుడ్డలోనో, మంచి కాగితపు మడతలోనో ఉంచాలి; చౌక ప్లాస్టిక్ సంచిలో వేయరాదు. ఇందుకు ఖర్చు లేదు, శ్రద్ధ మాత్రమే కావాలి.

ఇంత చెప్పటానికి కారణం మోసాలు. పాత నాణేనికి లక్షలు ఇస్తామని ప్రకటించి, ముందుగా రుసుమో పన్నో కట్టమని సొమ్ము గుంజేవారు బయలుదేరినారు. రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నాన్ని సైతం వాడుకొంటున్నారు. ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ఇటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, ఎవరికీ తాను అధికారం ఇవ్వలేదని బహిరంగంగా హెచ్చరించినది. బియ్యపు గింజలను ఆకర్షించే మహిమగల రాగి నాణెమని, సీతారాముల బొమ్మతో ఈస్టిండియా కంపెనీ ముద్రించిన అణా అని ఊళ్ళలో తిరిగేవారి కథలు ఈ సీమలో కొత్తవి కావు. కంపెనీ అటువంటి నాణేన్ని ఎన్నడూ ముద్రించలేదు. కొనేవాడు అమ్మేవానికి డబ్బు ఇస్తాడు గాని, అమ్మేవాని దగ్గర డబ్బు అడగడు. ఈ ఒక్క వాక్యం ప్రతి తరగతిగది గోడమీద వ్రాయదగినది.

చట్టం కూడా తెలియాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన నాణేలు పురావస్తువుల క్రిందికి వస్తవి. వాటిని సొంతంగా దేశం దాటించరాదు. భూమిలో దొరికిన నిధిని గూర్చి 1878 నాటి చట్టం వేరుగా ఉన్నది. దానిని కలెక్టరుకు తెలియజేయటం విధి. తాత ఇచ్చిన నాణేనికి, పొలంలో నాగటికి తగిలిన నాణేనికి భేదం ఉన్నది. నాణెం ఎట్లు వచ్చినదో వ్రాసి పెట్టుకోవటం ఇందుకు కూడా అవసరం. ఇక వెల విచారించేటప్పుడు అమ్మకందారు కోరే ధరను కాక, బహిరంగ వేలంలో నిజంగా పలికిన ధరను చూడాలి. 1871 తరువాతి జర్మను నాణేలకు యేగెర్ అనే పండితుడు కూర్చిన పట్టిక ప్రమాణం. అందులోని సంఖ్యతో వెదకితే పోలిక కుదురుతుంది. ఒకరి మాట మీద అమ్మక, ఇద్దరు ముగ్గురిని అడగాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "అయ్యా, మీరు శాసనమంటారు, సాక్ష్యమంటారు, మా ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకు డబ్బు లేదు. చరిత్ర కూడు పెడుతుందా?" న్యాయమైన మాట. కరువు ఎరిగిన సీమ యిది. అక్కరకు అమ్ముకోవటం పాపమని చెప్పే హక్కు నెలజీతం తీసుకునే ఏ పండితునికీ లేదు. పెద్దలు ఆ నాణేలను దాచినది కూడా ఆపద్ధనంగానే. నేను అమ్మవద్దనటం లేదు, చదివి అమ్మమంటున్నాను. చదివినవానికి ఎక్కువ వస్తుంది. కనీసం తక్కువకు పోదు. కుప్పం వైపునుండి కోలారు గనులకు పనికి వెళ్ళిన కుటుంబాలవారిని అడగండి. ఆ గనులు 2001లో మూతపడినవి గాని, వారి అనుభవం మూతపడలేదు. రాయిని కంటితో చూచి బంగారం ఇంత అని చెప్పేవానిని వారు నమ్మరు. దంచి, కడిగి, పరీక్షించి చూడమంటారు. ఆ పరీక్షాబుద్ధి బీదవానికే ఎక్కువ అవసరం. ధనవంతుడు మోసపోతే ఒక కథ అవుతుంది. బీదవాడు మోసపోతే ఒక అప్పు అవుతుంది.

అమ్మినా మిగిలేది ఒకటి ఉన్నది. అదే మూడవది, నిజమైన విలువ. నాణేన్ని రెండువైపులా ఫోటో తీసి, తూకం, కొలత, మీది మాటలు, సంవత్సరం ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. ఆ ప్రక్కనే "ఇది ఎవరు తెచ్చినారు, ఎక్కడినుండి, ఏ పనిమీద వెళ్ళి" అన్నది ఇంట్లోని పెద్దవారిని అడిగి వ్రాయాలి. నిశ్చయంగా తెలిసినది వేరుగా, ఊహించినది వేరుగా వ్రాయాలి. నలుగురు అన్నదమ్ములు నాలుగు నాణేలు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటే దక్కుతుంది. ఆ వ్రాతను పంచుకుంటే నలుగురికీ పూర్తిగా దక్కుతుంది. ఆఫ్రికా యుద్ధభూమిలో మద్రాసు సిపాయి ఒకడు నడిచినాడనటానికి దళాల చరిత్రలలో సంఖ్యలున్నవి. ఆ సిపాయి పేరు, ఊరు, అతడు తిరిగివచ్చి చెప్పిన మాట మన ఇండ్లలోనే ఉండాలి. నాణెం పోయినప్పటికంటే, నాణెం ఉండి దాని కథ చెప్పగల ముసలి నోరు మూతపడినప్పుడు మనకు కలిగే నష్టం పెద్దది.

ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు నా మనవి ఇది. ఒక్క పూట పాఠం దీనికి కేటాయించండి. పిల్లలను ఇంటినుండి నాణేలు తెమ్మనవద్దు. పోతే బాధ్యత ఎవరిది? ఫోటో, నోటుపుస్తకం తెమ్మనండి. లెక్కల మాస్టారు లోహపు వెల కట్టించవచ్చు. విజ్ఞానశాస్త్రం మాస్టారు సాంద్రత పాఠం చెప్పవచ్చు: ఒక ఘనసెంటీమీటరు వెండి 10.5 గ్రాములు తూగుతుంది, జర్మను వెండి అంత తూగదు. నకిలీని నీటిలో ముంచి పట్టవచ్చు. సాంఘికశాస్త్రం మాస్టారు టాంగా యుద్ధాన్నీ, 1923 నాటి జర్మనీనీ చెప్పవచ్చు. తెలుగు మాస్టారు డబ్బు, వరహా, దీనారముల పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, పెద్దల మాటలను తప్పులేని తెలుగులో వ్రాయించవచ్చు. ఇంతమంది కలిసి చెప్పదగిన పాఠం ఒక తులం లోహంలో దొరకటం సామాన్యమా?

విద్యార్థులకు చెప్పేది ఇంకొకటి. మీ ఇంటి జర్మను నాణెం చాలావరకు మిమ్ములను ధనవంతులను చేయదు. వెండి అయితే వెండి ధర, కొంచెం పైన. అల్యూమినియమైతే అంతకూడా రాదు. ఈ సత్యం వినటానికి చేదుగా ఉంటుంది. కాని ఈ చేదును మ్రింగినవానిని లక్షల ఆశ చూపి ఎవరూ మోసగించలేరు. ఆశ లేకుండా చూచినప్పుడే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తవి. పూర్వం మన పెద్దలు నాణేన్ని రాతిమీద మ్రోగించి, గీటురాయి మీద గీచి, అప్పుడు గాని సంచిలో వేసుకొనేవారు కారు. నాణేన్ని పరీక్షించిన ఆ చేతులే మనకు దానిని అప్పగించి వెళ్ళినవి. వాటి వారసులమని చెప్పుకొనదలచితే, నాణెంతోపాటు ఆ పరీక్షను కూడా మనం పుచ్చుకోవాలి.